చనిపోయినవాళ్ళ సీట్లు

మా ఊళ్ళో చనిపోయినవాళ్ళు కూడా ఫుట్‌బాల్ టికెట్లు కొంటారు. నవ్వులాటకి చెప్పడం లేదు. పన్నెండేళ్ళపాటు వాళ్ళ పేర్ల మీద టికెట్లు కవర్లలో పెట్టి, స్టాంపులంటించి, పోస్టులో వేసింది నేనే.

కాలేజీ స్టేడియంలో సీజన్ టికెట్ సీటు, అంటే ఏడాది ఆటలన్నిటికీ చెల్లే సీటు, ఒక మనిషి పేరు మీద ఉంటుంది. ఆ మనిషి పోతే భార్యకో భర్తకో వస్తుంది. ఆ తర్వాత పిల్లలకి రాదు, అన్నదమ్ములకి రాదు, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి పోతుంది. ఆ లిస్టులో చేరితే సీటు చేతికి రావడానికి పద్నాలుగేళ్ళు. అందుకని ఎవరైనా పోతే ఇంట్లోవాళ్ళు చర్చికి చెబుతారు, బ్యాంకుకి చెబుతారు, ఎరువుల కొట్టుకి కూడా చెబుతారు. టికెట్ల ఆఫీసుకి మాత్రం చెప్పరు. ఆదివారం అంత్యక్రియలకి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చిన నేనే, సోమవారం ఏమీ ఎరగనట్టు ఆ పేరు మీద ఉత్తరం టైపు చేసేదాన్ని. టికెట్ల ఆఫీసులో నాకు ముందు ఆ ఉద్యోగం చేసినావిడా అదే చేసింది. అది తప్పని మాలో ఎవరూ అనుకోలేదు.

మావి పడమటి స్టాండులో ఇరవై రెండో వరసలో నాలుగు సీట్లు. మా తాత ఏబ్ పెన్నర్ పేరు మీద ఉన్నవి. ఆయన పోయి అప్పటికి పదకొండేళ్ళు. మా పక్కది, వరస చివరి సీటు, డెల్మర్ ష్రాగ్‌ది. ఆయన పోయి ముప్పై మూడేళ్ళు. ఆ సీట్లో ఆయన తమ్ముడు వెర్లిన్ కూర్చునేవాడు. పెళ్ళి చేసుకోలేదు. ఊరి బయట గోధుమ పొలం, ఒక పాత ట్రక్కు, ఒక కుక్క. వారమంతా ఆ కుక్కతోనే మాటలు. శనివారం ఆట ఉంటే మాతో మాటలు. మా అమ్మ ఫ్లాస్కులో తెచ్చే చిల్లీ అనే కారంకారం మాంసం కూరలో ఆయన తెచ్చిన దాల్చినచెక్క రోల్స్ ముంచుకుని అందరం తినేవాళ్ళం. చెక్క బెంచీల పేళ్ళు నాకు గుచ్చుకుంటాయని గోనెపట్టా మడిచి తెచ్చి నా కింద వేసేవాడు. ఆరేళ్ళ వయసు నుంచి ఆయన్ని బాబాయ్ అనే పిలిచాను.

ఆ ఏడాది ఏప్రిల్‌లో కాలేజీవాళ్ళు పడమటి స్టాండు పడగొట్టి మళ్ళీ కట్టడం మొదలుపెట్టారు. తొంభై ఏళ్ళ నాటి సున్నపురాయి గోడ. బయటి రాళ్ళని ఒక్కొక్కటే ఊడదీసి, పసుపు రంగుతో నంబర్లు వేసి, ప్రాక్టీసు మైదానంలో పేర్చారు. రాత్రింబవళ్ళు పనిచేసి, సెప్టెంబరులో మొదటి ఆటకల్లా కొత్త స్టాండు ముఖానికి మళ్ళీ అవే రాళ్ళు అతికిస్తారట. లోపల మాత్రం అంతా కొత్తది. మధ్యలో డబ్బున్నవాళ్ళకి అద్దాల గదులు, మిగతావాళ్ళకి వీపు ఆనించుకునే కుర్చీలు. కుర్చీలు వెడల్పు కావడంతో పాత సీట్లు ఏడున్నచోట కొత్తవి అయిదే పట్టాయి.

అంటే ఎవరో ఒకరు తగ్గాలి. ఆ తగ్గించే పని చూడటానికి డాలస్ నుంచి హాల్‌స్టెడ్ అనే కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడేం కాదు. లెక్క తెలిసినవాడు, అంతే.

"మీ కాన్సాస్ గాలిలో ఏదో ఉంది కొరీన్ గారూ," అన్నాడు వచ్చిన రెండో వారమే, కాగితాలు నా బల్ల మీద పెట్టి. "తొంభై దాటినవాళ్ళు డెబ్భైమంది దాకా సీజన్ టికెట్లు కొంటున్నారు. ఒక్కరికీ చక్రాల కుర్చీ చోటు అక్కర్లేదట!"

నేను కాగితాలు దగ్గరికి లాక్కున్నాను.

"మీరు ఇక్కడే పుట్టారు కదా. ఎవరున్నారో ఎవరు పోయారో మీకు తెలియకుండా ఉండదు. పోయినవాళ్ళ పేర్లు కొట్టేసి ఇవ్వండి. శుక్రవారంలోగా."

ఎర్ర పెన్ను తీసుకుని అరవై ఒక్క పేర్లు కొట్టేశాను. మా పియానో టీచరు పేరు కొట్టేశాను. మా పళ్ళ డాక్టరు పేరు కొట్టేశాను. రెండు పేర్లు మాత్రం వదిలేశాను: ఒకటి మా తాతది, రెండోది డెల్మర్‌ది. అప్పుడు సిగ్గనిపించిందా అంటే, లేదు. పైగా మంచిపని చేశాననుకున్నాను. మనవాళ్ళని మనం చూసుకోకపోతే ఎవరు చూస్తారు అనుకున్నాను. ఆ అరవై ఒక్కరి ఇళ్ళకి ఉత్తరాలు వెళ్ళాక కిరాణా కొట్లో నన్ను చూసి మాటలు ఆపేసేవాళ్ళు. అదీ పట్టించుకోలేదు.

మే నెలలో హాల్‌స్టెడ్ ఇంకో నిబంధన పెట్టాడు. కొత్త సీటు కావాలంటే ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే స్వయంగా ఆఫీసుకి వచ్చి సంతకం పెట్టాలి. మంచం దిగలేనివాళ్ళుంటే ఆఫీసు మనిషి ఇంటికెళ్ళి సంతకం తీసుకుని, సాక్షిగా తనూ సంతకం చేయాలి.

ఇళ్ళకి వెళ్ళే ఆ ఆఫీసు మనిషిని నేనే.

ఆ సాయంత్రం వంటింట్లో ఫారం బల్ల మీద పెట్టాను. అమ్మ గిన్నెలు తుడుస్తోంది. తాత పోయినప్పటి నుంచి అమ్మ మాతోనే ఉంటోంది. మా ఆయన డ్వేన్ భోజనం ముగించి పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"అమ్మా, తాతయ్య సంతకం నీకు వచ్చు కదా?"

"రాకేం? బళ్ళో నా మార్కుల కార్డుల మీద అన్నీ నేనే పెట్టుకునేదాన్ని," అంది అమ్మ. చేతులు తుడుచుకుని కూర్చుని, పెన్ను తీసుకుని, పేరంతా గుండ్రంగా రాసింది.

"తొంభై తొమ్మిదేళ్ళ మనిషి చెయ్యి కాస్తయినా వణకాలి అత్తయ్యా," అన్నాడు డ్వేన్. "అంత ముత్యాల్లాంటి అక్షరాలైతే ఇట్టే దొరికిపోతాం. ఇంకో ఫారం తియ్యి కొరీన్."

రెండో ఫారం మీద అమ్మ చెయ్యి వణికించి రాసింది. ముగ్గురం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. సాక్షి అని ఉన్నచోట నేను సంతకం పెట్టాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే ఎక్కడికైనా పోయి దాక్కోవాలనిపిస్తుంది.

"మరి వెర్లిన్ సంగతేంటే?" అంది అమ్మ.

"నేను చూసుకుంటాలే," అన్నాను.

అప్పటికి ఊళ్ళో రిటైరైన మగవాళ్ళందరూ రోజూ మడత కుర్చీలు తెచ్చుకుని ఇనుప కంచె బయట కూర్చునేవాళ్ళు, స్టాండు పడగొట్టడం ఆట చూసినట్టు చూస్తూ. క్రేను బాగా పనిచేస్తే చప్పట్లు కొట్టేవాళ్ళు. మర్నాడు మధ్యాహ్నం శాండ్‌విచ్ పట్టుకుని నేనూ వెళ్ళాను. వెర్లిన్ బాబాయ్ టోపీ అంతా తెల్లటి రాతి దుమ్ము.

"వచ్చావా పిల్లా! కూర్చో కూర్చో. ఇవాళ మన వరస పడుతుంది," అన్నాడు. తన కుర్చీ నాకిచ్చి నీళ్ళ డబ్బా బోర్లించి దాని మీద కూర్చున్నాడు. "అవునూ, మంచం దిగలేనివాళ్ళకి ఏదో కాగితం ఇస్తున్నారటగా. మా అన్నయ్యకి ఒకటి తెచ్చిపెట్టు. ముప్పై మూడేళ్ళుగా దిగలేదు పాపం!"

తిన్నది గొంతుకి అడ్డం పడేంతగా నవ్వాను. నవ్వు తగ్గాక, "కుదరదు బాబాయ్," అన్నాను. "ఒకే వరసలో ఇద్దరు మంచాన పడ్డారంటే ఆ డాలస్‌వాడికి అనుమానం వస్తుంది."

"ఇద్దరా? రెండోవాడెవడు?" అన్నాడు. నా ముఖం చూసి అర్థం చేసుకున్నాడు. "ఓరి ఓరి! ఏబ్ కూడా పడ్డాడా? చెప్పనే లేదు, చూడటానికి వచ్చేవాణ్ణి కదా."

"నువ్వే ఆఫీసుకి వచ్చెయ్. జూన్ పన్నెండో తారీఖు, పది గంటలకి. కౌంటరులో నేనే ఉంటాను. డెల్మర్ ష్రాగ్ అని పిలుస్తాను. వచ్చి సంతకం పెట్టి వెళ్ళిపో. అయిదు నిమిషాల పని."

ఆయన టోపీ మీది దుమ్ము దులుపుకున్నాడు. "అన్నయ్యకి ఇప్పుడు తొంభై ఒకటి. నాకు డెబ్భై ఎనిమిది. నమ్ముతారంటావా?"

"నేను చూసుకుంటానన్నాగా."

"నువ్వుంటావు కదా?"

"ఉంటాను బాబాయ్."

"అయితే ఇక బెంగేముంది," అన్నాడు. అంతలో క్రేను మా వరస మీదికి వంగింది, కంచె బయట అందరూ లేచి నిలబడ్డారు.

జూన్ పన్నెండున ఆఫీసు తలుపు తీస్తూనే హాల్‌స్టెడ్ అందరినీ పిలిచాడు. ముందురోజు సాయంత్రం ఎవరో ఒకతను తండ్రి పేరు మీద సంతకం పెడుతూ పట్టుబడ్డాడట. "ఈ ఆఫీసులో ఎవరో చూసీచూడనట్టు వదిలేస్తున్నారు," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఎవరో తెలిసిన రోజే ఇంటికి పంపించేస్తాను. ఇవాళ నేను కౌంటరులోనే కూర్చుంటాను. ఇళ్ళకి వెళ్ళి తెచ్చిన ఫారాలు కూడా మధ్యాహ్నం ఒకసారి చూస్తాను." గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి నా బల్ల సొరుగు మీదికి వెళ్ళింది. మా తాత ఫారం అందులోనే ఉంది.

బాబాయ్‌కి ఫోన్ చేయాలనుకున్నాను. తొమ్మిదిన్నరకే ఆయన వచ్చి గోడవారగా కూర్చున్నాడు. టై కట్టుకున్నాడు. ఆయన టై కట్టుకోవడం మా తాత అంత్యక్రియల్లో చూశాను, మళ్ళీ ఆ రోజే చూడటం.

పది అయింది. "డెల్మర్ ష్రాగ్," అని పిలిచాను. ఆయన లేచి, టోపీ తీసి, నాకేసి కనీకనిపించకుండా నవ్వి, పెన్ను తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం సార్," అన్నాడు నా వెనక నుంచి హాల్‌స్టెడ్. కాలేజీ పాత విద్యార్థుల పుస్తకం తిరగేశాడు. "ఇందులో లెక్క ప్రకారం మీకు తొంభై ఒకటి."

"అవునండీ. అందరూ అలాగే ఆశ్చర్యపోతారు," అన్నాడు బాబాయ్. "రోజూ చన్నీళ్ళ స్నానం. బీరు ముట్టను."

హాల్‌స్టెడ్ నవ్వాడు. నిజంగానే నవ్వాడు. నవ్వుతూనే నా వైపు తిరిగాడు. "కొరీన్ గారూ, మీకు తెలుసా ఈయన?"

ఒక్కమాట చాలు. డెల్మర్ గారు అనాలి, అంతే. ఆ మాట నాలుక మీదే ఉంది. సొరుగులో ఫారం గుర్తొచ్చింది. ఈ ముసలాయన దొరికిపోతే నేను అబద్ధమాడానని తేలుతుంది, అది తేలితే సొరుగు తెరుస్తాడు, తెరిస్తే ఉద్యోగం పోతుంది, సీట్లు పోతాయి. ఇదంతా నిమిషంలో అనుకున్నానని చెప్పుకుంటూ ఉంటాను. నిజానికి అంత ఆలోచన లేదు. భయం, అంతే.

"ఈయన వెర్లిన్ గారండీ," అన్నాను. "డెల్మర్ ఈయన అన్నగారు. పోయారు."

బాబాయ్ పెన్ను కింద పెట్టాడు. నాకేసి చూస్తాడని భయపడ్డాను. చూడలేదు. "అవునండీ," అన్నాడు. "పొరపాటైంది."

హాల్‌స్టెడ్ పద్ధతిగానే మాట్లాడాడు. కేసేమీ ఉండదన్నాడు, కావాలంటే వెయిటింగ్ లిస్టులో పేరు రాస్తానన్నాడు.

"ఎన్నేళ్ళు పడుతుందండీ?"

"ఇప్పుడైతే పద్నాలుగేళ్ళు."

"అప్పటికి నాకు తొంభై రెండు," అన్నాడు బాబాయ్. "ఇందాక చెప్పిన అబద్ధం అప్పటికి నిజమవుతుందిలెండి. వద్దు." టోపీ పెట్టుకుని వెళ్ళబోయాడు.

"ఒక్క ప్రశ్న," అన్నాడు హాల్‌స్టెడ్, వరస కాగితం చూస్తూ. "మీ పక్క నాలుగు సీట్లు ఏబ్ పెన్నర్ గారివి. తొంభై తొమ్మిదట. ఆయనైనా ఉన్నారా?"

ఆ ఇంటిపేరు మా అమ్మ పుట్టింటిది, హాల్‌స్టెడ్‌కి తెలియదు. మా తాత శవపేటిక ముందు కుడివైపు పట్టుకుని మోసిన మనిషి ఆ పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్కమాటతో నా లెక్క సరిచేయవచ్చు. ఆయన స్థానంలో నేనుంటే చేసేదాన్ని.

"ఏబ్‌కేం, గుండ్రాయిలా ఉన్నాడు," అన్నాడు వెర్లిన్ బాబాయ్. "మొన్న ఆదివారమే చూసొచ్చాను. చెవులు వినపడవు, కాళ్ళు రావు. తిండి మాత్రం మనిద్దరికంటే ఎక్కువ తింటాడు."

హాల్‌స్టెడ్ ఆ పేరు పక్కన టిక్కు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ఫారాలు చూస్తానన్నవాడు మా తాతది తిరగేయనైనా లేదు.

మూడు వారాలు తేలు కుట్టిన దొంగలా ఉన్నాను. కంచె వైపు వెళ్ళలేదు. ఆయన ట్రక్కు రోడ్డు మీద కనిపిస్తే సందులోకి తిరిగిపోయాను. జూలైలో కొత్త సీట్ల పటం ఇంటికి వచ్చింది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని మా నాలుగు గళ్ళు చూసుకుని మురిసిపోయింది. తర్వాత పక్క గడి చూసింది.

"ఈ మార్తా క్లాసెన్ ఎవరే? వెర్లిన్ ఏడీ?"

చెప్పాను. దాచుకోకుండా మొత్తం చెప్పాను, బాబాయ్ తాత గురించి చెప్పిన అబద్ధంతో సహా. డ్వేన్ టీవీ కట్టేశాడు.

"నీ నోటితో అన్నావా ఆ మాట?" అంది అమ్మ.

"నిజమే కదమ్మా నేను చెప్పింది."

"నిజమే. అంత నిజం చెప్పాలనుకున్నదానివి ముందు మన ఇంట్లోది చెప్పాల్సింది." కళ్ళజోడు తీసి, "నేను కూడా ఆ సంతకం పెట్టినదాన్నే. నిన్ను అనడానికి నాకు నోరు లేదు," అంది.

తిడితే బాగుండేది. మర్నాడు అమ్మ క్యాబేజీ, మాంసం పెట్టిన బన్నులు చేసి, ఒక పళ్ళెం నిండా పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. సాయంత్రం దాకా రాలేదు. వచ్చాక ఒక్కటే అడిగాను, ఏమన్నాడని.

"నీ గురించి ఏమీ అనలేదు. కొత్త కుర్చీలకి వీపు ఆనుకునే చోటు ఉందటగా, నా నడుము నొప్పికి హాయిగా ఉంటుంది అన్నాడు," అంది అమ్మ. పటం మడిచి నా చేతిలో పెట్టింది. "ఆ కుర్చీలో నేను కూర్చోను కొరీన్. మీరిద్దరూ వెళ్ళండి."

సెప్టెంబరులో మొదటి ఆట. పొద్దున్నే డ్వేన్ నన్ను కారు దాకా తోశాడు. "వెళ్ళి అడుగు. కాళ్ళు పట్టుకో. ఏదో ఒకటి చెయ్యి. ఇంట్లో ఈ మౌనం నావల్ల కాదు."

వెర్లిన్ బాబాయ్ వరండా మెట్ల మీద కూర్చుని రేడియో వెనక మూత విప్పి దుమ్ము దులుపుతున్నాడు. కుక్క నన్ను చూసి తోక ఊపింది. దానికి తెలియదు కదా.

"తప్పు చేశాను బాబాయ్," అన్నాను. ఇంకా ఎన్నో చెప్పాలని దారంతా కూడబలుక్కుని వెళ్ళాను. ఏడుపొచ్చి ఆగిపోయాను.

"ఆయన అడిగాడు, నువ్వు చెప్పావు. ఏడవకు."

"నన్ను తిట్టు."

"తిట్టడం నాకు చేతకాదమ్మా." పిల్లా అనలేదు. అది వినగానే వచ్చిన పని అయ్యేది కాదని తెలిసిపోయింది. అయినా టికెట్ తీసి ఆయన చేతిలో పెట్టాను. "ఇది నీ సీటు. మాతోపాటే, ఎప్పటికీ."

ఆయన టికెట్ దూరంగా పట్టుకుని చదివాడు. "ఇది ఏబ్‌ది," అన్నాడు. "మా అన్నయ్య పోయే ముందు, ఒరేయ్ నా సీట్లో నువ్వు కూర్చోరా అన్నాడు. అందుకని కూర్చున్నాను. ఏబ్ నాకు అలా చెప్పలేదు. ఇంకొకడి పేరు మీద మళ్ళీ కూర్చునే ఓపిక లేదు." టికెట్ జాగ్రత్తగా నాకు తిరిగి ఇచ్చేశాడు.

"మరి ఆ రోజు తాత ఉన్నాడని ఎందుకు చెప్పావు?"

"మీ అమ్మకి ఆ సీట్లంటే ప్రాణం కదా, అందుకు." రేడియో మూత బిగించడం మొదలుపెట్టాడు. "ఆట వినడానికి మీ అమ్మ పన్నెండింటికి వస్తానంది. ఈలోగా ఇది పలకాలి. నువ్వు బయల్దేరు, కార్లు ఆపే చోటు దొరకదు."

స్టేడియం నిజంగా అందంగా ఉంది. పాత రాళ్ళు కడిగి అతికించారు, నంబర్ల జాడ ఎక్కడా లేదు. కుర్చీలు మెత్తగా ఉన్నాయి. మా నాలుగింటిలో రెండు ఖాళీ. డ్వేన్ తినడానికేమైనా తెస్తానని కిందికి వెళ్ళాడు. నా పక్కన అరవై ఏళ్ళావిడ, కొత్త జెర్సీ వేసుకుని, అన్నీ చేత్తో తడిమి తడిమి చూసుకుంటోంది.

"నా పేరు మార్తా," అంది. "పద్నాలుగేళ్ళు ఎదురుచూశామండీ ఈ సీటు కోసం. మా ఆయన చూడకుండానే పోయారు. ఏ మహానుభావుడు వదిలేశాడో గానీ, ఆయన కడుపు చల్లగా ఉండాలి."

నేను మైదానం కేసి చూస్తూ కూర్చున్నాను. జట్టు పరిగెత్తుకుంటూ వచ్చింది, అందరూ లేచారు, నేనూ లేచాను. అందరం కూర్చున్నాక ఆవిడ ఖాళీ కుర్చీల వైపు చూపించింది.

"వీటిలో ఎవరైనా వస్తారా? మా అక్క పైన ఎక్కడో ఒంటరిగా కూర్చుంది, అందుకని అడుగుతున్నా."

"మా తాతగారివండీ," అన్నాను.

"తాతగారే! ఎంత వయసేమిటి ఆయనకి?"

"తొంభై తొమ్మిది."

"అబ్బ!" అని ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎంత అదృష్టవంతులండీ మీరు. వస్తే నాకు పరిచయం చెయ్యండి. రాలేకపోతే, పక్క సీటు మార్తా అడిగిందని చెప్పండి, మర్చిపోకండేం?"

చెబుతానన్నాను.